అందరికీ టికెట్లు కొనొద్దు

మిషిగన్, ఒహాయో స్టేట్ యూనివర్సిటీల అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ సరి సంవత్సరాల్లో ఒహాయో స్టేట్ ఉన్న కొలంబస్‌లో, బేసి సంవత్సరాల్లో మిషిగన్ యూనివర్సిటీ ఉన్న యాన్ ఆర్బర్‌లో జరుగుతుంది. 2026లో వంతు కొలంబస్‌ది. నవంబరు 26 గురువారం థాంక్స్‌గివింగ్, 28 శనివారం మ్యాచ్. డెట్రాయిట్ చుట్టుపక్కల కాంటన్, నోవై, ట్రాయ్ లాంటి ఊళ్ళలో ఉన్న మన తెలుగు కుటుంబాల్లో యాన్ ఆర్బర్‌లో చదివినవాళ్ళో, చదువుతున్నవాళ్ళో చాలామందే ఉన్నారు. నేనూ అక్కడే ఎం.ఎస్. చేశాను. అందుకని ఈసారి కొలంబస్ వెళ్దామన్న మాట మా వాట్సాప్ గ్రూపులో అప్పుడే మొదలైంది. ఆ మాట ఎటు పోతుందో నాకు తెలుసు. అటు పోకముందే నా వాదన రాసి పెడుతున్నాను.

ప్రయాణానికి ఎంతమందైనా రండి. స్టేడియంలోకి మాత్రం అందరూ రావొద్దు. ఎవరు లోపలికి, ఎవరు బయట అన్నది మొదటిరోజే తేల్చుకుందాం. మన గుంపుల్లో ఇలాంటి ప్రయాణాలు చెడేది డబ్బు వల్లో, దూరం వల్లో కాదు. "వెళ్తే అందరం, లేకపోతే ఎవ్వరం వద్దు" అన్న పట్టుదల వల్ల.

అది ఎలా చెడుతుందో మీకూ తెలుసు. ఒకరు "వెళ్దామా?" అంటారు. గ్రూపు నిండా బొటనవేళ్ళు లేస్తాయి. "అప్పటికి మా అమ్మావాళ్ళు ఇక్కడే ఉంటారు, వాళ్ళనీ లెక్కేసుకోండి" అని ఒకరు. "మా చిన్నాడికి నాలుగేళ్ళు, వాడికీ టికెట్ కావాలా?" అని ఇంకొకరు. "అందరికీ ఒకే వరుసలో దొరికితే బావుంటుంది కదండీ" అని మరొకరు. ఇక అక్కణ్ణుంచి పని ముందుకు కదలదు. అక్టోబరులో ధరలు చూసి నలుగురు మెల్లిగా తప్పుకుంటారు. వాళ్ళు తప్పుకున్నారని మిగతావాళ్ళకు మొహమాటం. చివరికి ఎవరి బేస్‌మెంట్‌లోనో టీవీ ముందు చేరతాం. నిజంగా వెళ్ళాలని ఆశపడ్డ ఇద్దరు ముగ్గురు మాత్రం ఏమీ అనలేక ఊరుకుంటారు. ఈ వ్యాసం ఆ ఇద్దరు ముగ్గురి తరఫున రాస్తున్నాను.

యాన్ ఆర్బర్‌లో ఏడాది విడిచి ఏడాది ఇదే మ్యాచ్ చూడొచ్చు కదా, అంత చలిలో అంత దూరం వెళ్ళి వాళ్ళ గడ్డ మీద చూడటం దేనికని కొందరు అడుగుతారు. ఈ రెండు జట్లు మొదటిసారి తలపడింది 1897లో. 1918 నుంచి, 2020లో కొవిడ్ వల్ల ఆగిన ఒక్క ఏడాది తప్ప, ఏటా ఆడుతూనే ఉన్నాయి. అసలు తగువు అంతకంటే పాతది. సరిహద్దులోని టొలీడో ఊరు ఎవరిదన్న గొడవలో 1835లో ఒహాయో, ఇంకా రాష్ట్రం కూడా కాని మిషిగన్ సరిహద్దు మీదికి మిలీషియాలను, అంటే పౌర సైన్యాలను, పంపుకున్నాయి. టొలీడో ఒహాయోకి పోయింది, మిషిగన్‌కి ఉత్తరాన ఉన్న అప్పర్ పెనిన్సులా అనే ద్వీపకల్పం వచ్చింది, 1837లో రాష్ట్రహోదా దక్కింది. మనం కొలంబస్ వెళ్ళేది ఆ టొలీడో మీదుగానే. మ్యాచ్ వారంలో ఒహాయో స్టేట్ క్యాంపస్‌లో బోర్డుల మీద కనిపించిన ప్రతి 'ఎం' అక్షరం మీదా ఎర్ర టేపుతో ఇంటూ గుర్తు వేస్తారు. నిన్నగాక మొన్న ఇంటినుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ళ పిల్లలు అంత శ్రద్ధగా ఆ పని చేస్తుంటే, ఒక ఊరు ఒక ఆటను ఎంతగా తనది చేసుకోగలదో కళ్ళారా కనిపిస్తుంది. టీవీలో అదంతా రాదు.

ఇంకోటి, ఆ చప్పుడు. మన మైదానంలో మన జట్టు చేతిలో బంతి ఉంటే మనం గొంతు తగ్గిస్తాం, ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ పిలుపు తోటి ఆటగాళ్ళకు వినపడాలి కనక. వాళ్ళ మైదానంలో సరిగ్గా అప్పుడే లక్షమంది గొంతు పెంచుతారు. మూడో డౌన్ (పది గజాలు ముందుకెళ్ళడానికి ఉండే నాలుగు అవకాశాల్లో మూడోది) వచ్చిందంటే చెవుల కంటే ముందు కాళ్ళకింద తెలుస్తుంది, సిమెంటులోంచి అదురు పాదాలదాకా వస్తుంది. ఒహాయో స్టేడియం 1922లో కట్టినది, గుర్రపునాడా ఆకారం, 1,02,780 మంది పడతారు. 2022లో అక్కడ నాలుగో క్వార్టర్‌లో డొనోవన్ ఎడ్వర్డ్స్ ఒకసారి 75 గజాలు, మరోసారి 85 గజాలు పరిగెత్తి, బంతిని మైదానం చివరి గీత దాటించి టచ్‌డౌన్లు చేశాడు. రెండోదానికి ఆ హోరంతా అణిగిపోయి, ఎక్కడో ఒక మూల మన పసుపు చొక్కాల గుంపు అరుపు ఒక్కటే వినపడింది. 45-23. కొలంబస్‌లో 2000 తర్వాత మిషిగన్ గెలవడం అదే మొదలు. ఆ నిశ్శబ్దం కోసం నేను మళ్ళీ ఎంత దూరమైనా వెళ్తాను. ఓడినా వెళ్తాను. 2016లో అదే స్టేడియంలో రెండు ఓవర్‌టైముల తర్వాత 27-30తో ఓడినప్పుడు ఉన్నవాళ్ళు ఇప్పటికీ ఆ నాలుగో డౌన్‌లో బంతి పది గజాల గీత దాటిందా లేదా అని వాదించుకుంటారు.

సరే, ఇంత ఇష్టం అందరికీ ఉండాలని లేదు. ఉండదు కూడా. అందులో తప్పేమీ లేదు. మూడున్నర గంటలసేపు బయట చలిలో నిలబడి, ఆగి ఆగి సాగే ఆటను నియమాలు తెలియకుండా చూడటం శిక్షే. పక్కన కూర్చున్న మనిషి "ఇప్పుడేమైంది? ఎందుకు ఆపారు?" అని అడుగుతూ ఉంటే, ఇష్టపడి వచ్చినవాళ్ళకూ అది శిక్షే. అటు వాళ్ళు ఇబ్బందిపడుతూ ఇటు వీళ్ళు ఇబ్బందిపడుతూ, మనిషికి కొన్ని వందల డాలర్లు పోసి ఆ ఇబ్బందిని కొనుక్కోవడం దేనికి? నలుగురున్న ఇంటికి టికెట్లకయ్యే డబ్బుతో ఇండియాకి ఒక విమాన టికెట్ వచ్చే రోజులున్నాయి.

టికెట్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువ ఆశలు చెదిరేది ఇక్కడే కాబట్టి. బయటి జట్టుకు కేటాయించే టికెట్లు చాలా తక్కువ. అవి సీజన్ టికెట్లున్నవాళ్ళకు, యూనివర్సిటీకి విరాళాలిచ్చేవాళ్ళకు ముందు వెళ్తాయి. మనలాంటివాళ్ళకు దిక్కు మళ్ళీ అమ్మే సైట్లే. అక్కడ టికెట్లు జంటలుగా దొరుకుతాయి, కష్టపడితే నాలుగు కలిపి. పన్నెండు సీట్లు ఒకే వరుసలో కావాలని కూర్చుంటే ధర రెట్టింపవుతుంది, లేదా అసలు దొరకవు. కాబట్టి లోపలికి వెళ్ళేవాళ్ళు ఇద్దరిద్దరుగా విడిపోవడానికి సిద్ధపడాలి. పై అంతస్తు సీ డెక్‌లో ఒక జంట, కింద మూల మరో జంట. సీట్లంటే బెంచీ మీద గీసిన గీతలే. నవంబరు కోట్లు వేసుకున్న మనుషులకు ఆ గీతల మధ్య జాగా చాలదు, భుజాలు రాసుకుంటూ కూర్చోవాలి. టికెట్లన్నీ ఫోన్లోనే ఉంటాయి. ఎవరి టికెట్ వాళ్ళ ఫోన్‌కి శుక్రవారం రాత్రే పంపేసి, వ్యాలెట్‌లోకి ఎక్కిందో లేదో ఒక్కొక్కరి ఫోనూ తెరిచి చూడాలి. లక్షమంది ఒకచోట చేరాక గేటు దగ్గర సిగ్నల్ అందదు. ఒక్కరి ఫోన్లో అందరి టికెట్లూ పెట్టుకుని "అందరూ వచ్చేదాకా ఆగండి" అంటే, బ్యాండు మైదానంలోకి వచ్చే ఘట్టం పోయినట్టే.

ఆ బ్యాండు ఎదుటి జట్టుదే అయినా చూసి తీరాలి. అంతా ఇత్తడి వాయిద్యాలు, డ్రమ్ములే. నడుస్తూ నడుస్తూ మైదానం మీద 'ఒహాయో' అని గొలుసుకట్టు రాతలో తిరుగుతారు. 1936 నుంచి ఉన్న ఆచారం. చివర్లో సూసాఫోన్ వాయించే ఒక విద్యార్థి ఆ పేరులోని 'ఐ' మీద చుక్కగా వెళ్ళి నిలబడి, టోపీ తీసి వంగి దణ్ణం పెడతాడు. నేను ఆ జట్టు ఓడాలని వెళ్ళినదాన్ని. అయినా ఆ చుక్క పడేటప్పుడు నిలబడి చప్పట్లు కొడతాను.

డబ్బు దగ్గర మొహమాటం వద్దు. జెల్‌లో (ఫోన్లో డబ్బు పంపే యాప్) డబ్బు పంపినవాళ్ళకే టికెట్. "నువ్వు కొనేయ్, తర్వాత చూసుకుందాం" అంటే కొనొద్దు. ఇది మన స్నేహాలకు తగని మాట అని కొందరు నొచ్చుకుంటారు. నేను ఒప్పుకోను. ముందు తన కార్డు మీద వేలకు వేలు పెట్టి, ఆపైన నెలల తరబడి అడగలేక లోపల్లోపల కుమిలేది ఎప్పుడూ ఎవరో ఒక మంచిమనిషే. ఆ మనిషి ఇంకో రెండేళ్ళకు ఏ ప్రయాణానికీ ముందుకు రాడు. స్నేహం చెడేది అక్కడ. ముందే డబ్బు అడిగితే ఎవరి స్నేహమూ చెడదు. గది అద్దె, కార్ల గ్యాస్, తిండి అందరం పంచుకుందాం. టికెట్ మాత్రం లోపలికి వెళ్ళేవాళ్ళదే ఖర్చు. బయట ఉండేవాళ్ళ నెత్తిన దాన్ని రుద్దకూడదు.

హోటల్ గదులు ముందే, డబ్బు పోకుండా రద్దు చేసుకునే వీలున్నవి చూసి తీసుకోండి. మ్యాచ్ వారాంతాల్లో చాలాచోట్ల రెండు రాత్రులకు తక్కువ ఇవ్వరు. క్యాంపస్ పక్కనే ఉండాలని పట్టుబట్టకండి. కొలంబస్ శివార్లలో డబ్లిన్, హిలియార్డ్, పొలారిస్ వైపు ధరలు నయం, బయట ఉండేవాళ్ళకు అవే అనువు కూడా.

రెండు రాత్రులు ఎందుకు, శనివారం తెల్లవారుజామున బయల్దేరి రాత్రికి తిరిగొచ్చేద్దాం అనేవాళ్ళుంటారు. యాన్ ఆర్బర్ నుంచి కొలంబస్ సుమారు 190 మైళ్ళు, మూడు గంటల పైమాట. లెక్కకు బానే ఉంటుంది. దారి తెలిసినవాళ్ళకు తెలుసు. టొలీడో దాటి, ఫిండ్లే మీదుగా క్యారీ దగ్గర 23 నంబరు రోడ్డెక్కి, అప్పర్ శాండస్కీ, మేరియన్ దాకా హాయిగా పోతాం. డెలవేర్ దాటాక మొదలవుతాయి సిగ్నళ్ళు, ఒకదాని వెంట ఒకటి, 270 రింగు రోడ్డు దాకా. మ్యాచ్ మామూలుగా మధ్యాహ్నం పన్నెండింటికే మొదలవుతుంది. ఆ సిగ్నళ్ళ దగ్గర ఇరుక్కుని మొదటి క్వార్టర్ రేడియోలో విన్నవాళ్ళు నాకు తెలుసు. తిరుగు ప్రయాణం ఇంకా కష్టం. నవంబరు చివర్లో అక్కడ అయిదు దాటగానే పొద్దు పోతుంది. జింకలు జత కోసం తిరిగే నెల అది, పొలాల్లోంచి ఒక్కసారిగా రోడ్డు మీదికి దూకుతాయి. పొద్దున్నుంచీ చలిలో అరిచి అలిసిపోయిన మనిషి, వెనక సీటులో పిల్లలు నిద్రపోతుంటే ఆ చీకట్లో బండి నడపడం నాకు ససేమిరా ఇష్టం లేదు. శుక్రవారం మధ్యాహ్నం వెళ్దాం, ఆదివారం పొద్దున్నే బయల్దేరుదాం.

చలి గురించి ఎంత చెప్పినా తక్కువే. 1950 నవంబరు 25న ఇదే కొలంబస్‌లో మంచు తుఫానులో మ్యాచ్ ఆడారు. గీతలు కనపడవు, బంతి చేతిలో నిలవదు. రెండు జట్లూ కలిపి 45 సార్లు పంట్ చేశాయి, అంటే బంతిని దూరంగా తన్ని ఎదుటి జట్టుకు వదిలేశాయి. మిషిగన్ ఒక్క ఫస్ట్ డౌన్ కూడా చేయకుండానే, అంటే ఒక్కసారి కూడా ఆ పది గజాలు దాటకుండానే, 9-3తో గెలిచింది. అంతటి తుఫాను రోజూ రాదు గానీ, ఎండ కాసిన రోజున కూడా నీడ పడిన వైపు బెంచీ మీద కూర్చుంటే రెండో క్వార్టర్‌కల్లా పాదాలు మొద్దుబారతాయి. కాళ్ళకింద వేసుకోవడానికి ఒక అట్టముక్క తీసుకెళ్ళండి. చల్లటి సిమెంటుకీ బూటుకీ మధ్య ఆ అట్ట ఉంటే ఎంత తేడానో వేసుకున్నవాళ్ళకే తెలుస్తుంది. ఉన్ని సాక్సులు, లోపల థర్మల్స్, బూట్లలో పెట్టుకునే వేడి ప్యాకెట్లు. బ్యాగుల నియమాలు, ఏవి లోపలికి రానిస్తారన్నది ఆ ఏడాదికి స్టేడియం వాళ్ళు చెప్పేది చూసుకుని సర్దుకోండి.

ఈ చలిలోకి, ఆర్నెల్లు ఉండిపోదామని గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చిన డెబ్బై ఏళ్ళ అమ్మానాన్నల్ని తీసుకెళ్ళి కూర్చోబెట్టాలా? "వాళ్ళని వదిలి మనం ఎలా వెళ్తాం" అన్నది ప్రేమతో అనే మాటే. కానీ వాళ్ళను అడిగి చూడండి. మా అత్తగారిని అడిగితే, "నన్ను గుడికి తీసుకెళ్ళి, తర్వాత వెచ్చగా ఎక్కడైనా కూర్చోబెట్టండమ్మా, మీ ఆట మీరు చూసుకురండి" అన్నారు. కొలంబస్ పక్కనే పవెల్‌లో భారతీయ హిందూ దేవాలయం ఉంది. కొలంబస్ జూ అటువైపే. ఆ రోజుల్లో సాయంత్రాలు జూ అంతా దీపాలు పెడతారు, చిన్నపిల్లలకు పండగే. కాస్త పెద్ద పిల్లలైతే ఊరి మధ్యలో కోసై సైన్స్ మ్యూజియం ఉంది. మ్యాచ్ సాగే వేళ ఊరు ఊరంతా టీవీల ముందే ఉంటుంది కనక బయట రోడ్లు ఖాళీ.

మాకు ఇంకో సౌకర్యం ఉంది. మా పెదనాన్నగారి అబ్బాయి ఒహాయో స్టేట్‌లో చదివి డబ్లిన్‌లో స్థిరపడ్డాడు. కొలంబస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. మీలో సగం మందికి అక్కడ ఎవరో ఒకరు చుట్టాలుంటారు. మా అన్నయ్య ఫోన్ చేసి, "రండమ్మా, ఎంతమందైనా రండి. కారు దిగేముందు మాత్రం కోటు జిప్పు పెట్టుకో, మా వీధివాళ్ళు ఆ పసుపు చొక్కా చూస్తే నన్ను వెలేస్తారు" అంటాడు. వాళ్ళింట్లో టీవీ ముందు కూర్చున్న పెద్దవాళ్ళకు వదిన ఆట నేర్పుతుంది: నాలుగు అవకాశాలు, పది గజాలు. ఒకసారి మేం తిరిగొచ్చేసరికి మా అత్తగారు "ఆ నాలుగోసారి తన్నేయాల్సింది కదా, ఎందుకు పరిగెత్తారు?" అని నన్ను నిలదీశారు. స్టేడియంలో సీ డెక్ మీద వణుకుతూ కూర్చుని ఉంటే ఆవిడకు ఆ ప్రశ్న తట్టేది కాదు.

వంట కూడా రెండు చోట్లకూ వేరుగా ఆలోచించాలి. ఇంట్లో ఉండేవాళ్ళకు వదిన ఉంది. పార్కింగ్‌లో టెయిల్‌గేట్ చేసేవాళ్ళకు, అంటే మ్యాచ్‌కి ముందు కార్ల దగ్గరే తినీ తాగీ గడిపేవాళ్ళకు, ఆ చలికి పులిహోర, పెరుగన్నం పనికిరావు, ట్రేలోనే చల్లబడి గట్టిపడతాయి. నేను మిరియాల చారు కాచి, వడగట్టి, పెద్ద స్టీలు ఫ్లాస్కు నిండా పోసుకెళ్తాను. ఒకసారి పక్క కారు దగ్గర ఒహాయో స్టేట్ వాళ్ళ ఎర్ర జాకెట్ వేసుకున్న పెద్దాయన ఒకాయన, మేం కాగితం కప్పుల్లో ఆవిర్లు కక్కుతూ పోసుకుంటుంటే అదేమిటని అడిగాడు. ఒక కప్పు ఇచ్చాం. మొదటి గుక్కకి దగ్గాడు, రెండో గుక్కకి నవ్వాడు, ఖాళీ కప్పు మళ్ళీ చాపాడు. తర్వాత వాళ్ళావిడని పిలిచి ఆవిడకీ ఇప్పించి, ఏ గేటు దగ్గర వరస తక్కువో మాకు చెప్పి పంపాడు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, వేరేవాళ్ళ ఊళ్ళో ఎలా మసలుకోవాలన్నది కూడా ముందే మాట్లాడుకోవాల్సిన విషయం. 2024 నవంబరు 30న మిషిగన్ 13-10తో గెలిచింది. ర్యాంకులో కూడా లేని జట్టు, రెండో ర్యాంకు జట్టును వాళ్ళ ఇంట్లోనే ఓడించింది. ఆట అయ్యాక మైదానం మధ్యలో మిషిగన్ జెండా పాతబోయారు, ఆటగాళ్ళు కొట్టుకున్నారు, పోలీసులు పెప్పర్ స్ప్రే వాడారు. రెండు జట్లూ ఆడే లీగ్ బిగ్ టెన్ రెండు యూనివర్సిటీలకూ చెరో లక్ష డాలర్ల జరిమానా వేసింది. అంత గొప్ప గెలుపు గుర్తుచేసుకుంటే ముందు ఆ గొడవే గుర్తొస్తుంది, నాకు అది చాలా బాధ. మన గుంపు నుంచి లోపలికి వెళ్ళే కుర్రాళ్ళకు నేను చెప్పేది: రంగులు ధైర్యంగా వేసుకోండి, గొంతు పోయేలా అరవండి. గెలిస్తే బయటికి నడిచేటప్పుడు నోరు మూసుకోండి. ఒహాయో స్పెల్లింగులో "ఓ-ఎచ్" అని ఒకరు అరిస్తే "ఐ-ఓ" అని వీధంతా పలుకుతుంది, దానికి ఎదురు అరవకండి. తాగి మాటలనేవాడు ఎదురైతే పక్కకు తప్పుకోండి. మన పిల్లలు మనల్ని చూస్తూ పక్కనే నడుస్తుంటారు.

"ఇలా రెండు ముక్కలైతే ఇక కలిసి వెళ్ళడం దేనికి?" అని మా గ్రూపులో ఒకాయన అడిగారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది, కానీ ఈ మాట ఒప్పుకోలేను. మన పెళ్ళిళ్ళలో జీలకర్ర బెల్లం పెట్టే వేళకు అందరూ మండపం ముందే ఉంటారా? వెనక వంటల దగ్గర కొందరు, వరండాలో పేకాట దగ్గర కొందరు, పసిపిల్లను నిద్రపుచ్చుతూ గదిలో ఒకావిడ. అందరూ ఆ పెళ్ళికి వచ్చినవాళ్ళే. శుక్రవారం కారుల్లో వెళ్ళేటప్పుడు కలిసి వెళ్తాం. రాత్రి అన్నయ్య ఇంట్లో భోజనాలు కలిసే. శనివారం ఆరు గంటల ఎడబాటు. మళ్ళీ శనివారం రాత్రి ఒక ఇంట్లో, స్టేడియంలో చూసింది వాళ్ళు చెప్తుంటే, టీవీలో రీప్లే చూసింది వీళ్ళు చెప్తుంటే, బంతి గీత దాటిందా లేదా అని అర్ధరాత్రి దాకా వాదన. బలవంతంగా అందరినీ ఒకే బెంచీ మీద కుదిస్తే ఈ మాటలుండవు. అందరూ ఒకటే చూసి, ఒకేలా అలిసిపోయి, గదికి చేరి పడుకుంటారు.

లోపలికి వెళ్ళాలని ఉండీ డబ్బు చాలని పిల్లలుంటే, ముఖ్యంగా ఎం.ఎస్. చదువుతున్నవాళ్ళు, వాళ్ళకు మనం కొందరం కలిసి టికెట్ కొనిద్దాం. ఇష్టంలేని పదిమందికి మొహమాటానికి కొనే టికెట్ల బదులు, ఇష్టమున్న ఇద్దరికి కొనడం నాకు తృప్తి. దీనికి నా వంతు నేను ముందే వేస్తాను.

కాబట్టి ఈ పని చేద్దాం. జూలై 4 లోగా ప్రతి ఇంటినుంచీ ఒక్కొక్కరి పేరూ రాసి, పక్కన 'లోపల' అనో 'బయట' అనో గ్రూపులో పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ళనీ పిల్లలనీ విడివిడిగా అడిగి రాయండి, వాళ్ళ తరఫున మీరు నిర్ణయించకండి. 'లోపల' అన్నవాళ్ళు ఆగస్టు నెలాఖరుకు డబ్బు పంపాలి. 'చూద్దాం' అని రాసినవాళ్ళను 'బయట' కింద లెక్కేస్తాను. వాళ్ళకు గది ఉంటుంది, అన్నయ్య ఇంట్లో భోజనం ఉంటుంది, టికెట్ మాత్రం ఉండదు.